దక్కలేదని చెప్పిన బిడ్డ

మొన్న కంటి పరీక్షకని మా పెద్దోడు నన్ను వికారాబాద్‌లో ఒక దవాఖానకు తీసుకుపోయాడు. అక్కడి నర్సు చిన్న పిల్ల, మా మనవరాలి ఈడుది. బీపీ ఉందా, షుగరుందా అని అడుగుతూ అడుగుతూ, కంటికీ దానికీ ఏం సంబంధమో గానీ, "పిల్లలెంతమంది అమ్మమ్మా?" అంది. "ఇద్దరు కొడుకులు" అన్నాను. పక్కన కూర్చున్న మా పెద్దోడు, వాడి జుట్టూ ఇప్పుడు నెరిసింది, నా మొహం చూడకుండానే "ముగ్గురు. మాకొక చెల్లె ఉంది" అన్నాడు. ముసలిదానికి మతిమరుపు అనుకుందేమో, ఆ పిల్ల నవ్వి ఇంకో ప్రశ్నకు పోయింది. నాకు మతిమరుపు లేదు. ఒకప్పుడు ఆడిన అబద్ధం నోట్లో అంతగా పాతుకుపోయింది, అంతే.

మావి గొర్లు కాసే ఇళ్ళు. పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నా పెనిమిటి మందను తోలుకుని కొడంగల్ దిక్కు పోయి, అక్కడే జ్వరం తగిలి చనిపోయాడు. పెద్దోడు అప్పుడే మాటలు గడగడా మాట్లాడుతున్నాడు, చిన్నోడు ఇంకా చంక దిగలేదు, కడుపులో ఇంకొకరు. మిగిలిన గొర్లనూ నా కొడుకులనూ మా అన్న వికారాబాద్ పక్కనున్న తన ఊరికి తీసుకుపోయాడు. కాన్పుకు నన్ను మా వదినె, అంటే నా పెనిమిటి అక్క, తాండూరుకు తీసుకుపోయింది. ఆమె భర్త నాపరాయి గనిలో పని చేసేవాడు. ఊరికి దూరంగా, గని పక్కనే వాళ్ళ ఇల్లు. గోడలు నాపరాయి, నేల నాపరాయి, చివరికి పైకప్పు కూడా నాపరాయే. ఎండాకాలంలో ఆ బండల మీద వీపు ఆనిస్తే ప్రాణం లేచి వచ్చేది. మా వదినె లావుపాటి మనిషి. సగం తెలుగు, సగం కన్నడం మాట్లాడేది. కోపం వస్తే మొత్తం కన్నడంలోకి పోయేది కాబట్టి ఆమె నన్ను ఏమేం తిట్టిందో నాకు ఏనాడూ సరిగ్గా తెలియలేదు. ఆమెకు పిల్లలు లేరు. నాకు ఆడపిల్ల పుట్టింది. కాళ్ళు చాపుకుని, వాటి మీద పిల్లను పడుకోబెట్టుకుని నీళ్ళు పోసేటప్పుడు వదినె గొంతు మారిపోయేది. గనిలో గుండు పేలినా వినిపించే ఆ గొంతు అప్పుడు పక్కనున్న నాకే వినిపించేది కాదు.

తర్వాతి రోజుల్లో అందరూ అనుకున్నదేమిటంటే, పిల్లల్లేని ఆడబిడ్డ ఏడ్చి అడిగితే నేను కాదనలేకపోయానని. ఆమె అడగలేదు. ఒక పొద్దున ఆమె రొట్టెలు కొడుతుంటే నేనే అన్నాను, "వదినె, పిల్లను నువ్వే సాదుకో."

ఆమె చెయ్యి ఆగింది. "జర ఆలోచన చెయ్యవే. రేపు నువ్వొచ్చి అడిగితే నేనియ్య."

"అడుగ."

"మరి మీ అన్నకేం చెప్తవ్?"

"దక్కలేదని చెప్త. ఇచ్చిన అంటే రోజూ అడుగుతరు. సచ్చిపోయిందంటే ఒక్కపారి ఏడ్చి ఊకుంటరు."

"ఒళ్ళె పెట్టుకొని పాలిచ్చుకుంటనే గా మాటెట్లన్నవే" అంది వదినె. కానీ వద్దనలేదు. ఆ గని దగ్గర అందరికీ సంగతి తెలుసు కాబట్టి, వాళ్ళు కొన్నాళ్ళకే తాండూరు లోపల, తెలియని వాడలోకి మారి, పిల్ల తమ కడుపున పుట్టిందనే చెప్పుకున్నారు.

చెప్పడానికి సిగ్గుపడే సంగతి ఇంకొకటుంది. పిల్లను వదిలి వచ్చేనాడు, పాలు కట్టి రొమ్ములు సలుపుతుంటే గుడ్డ గట్టిగా బిగించుకుని వికారాబాద్‌కు రైలెక్కాను. ఏడుస్తాననుకున్నాను. నిద్రపోయాను. భర్త పోయినప్పటి నుంచి అట్లాంటి నిద్ర ఎరగను. వికారాబాద్ ఎప్పుడు దాటిందో తెలియదు, లేచేసరికి శంకర్‌పల్లి. ప్లాట్‌ఫారం మీద తిరుగుబండి కోసం కూర్చుంటే ఎవరో ముసలమ్మ "ఒక్కదానివే ఉన్నవా బిడ్డా?" అంది. ఔనన్నాను. బరువు దిగిందన్న సుఖం నాకు తెలిసింది అక్కడే. పిల్లనిచ్చినందుకు నన్ను నేను ఎన్నోసార్లు క్షమించుకున్నాను, ఆ నిద్రకు మాత్రం క్షమ దొరకలేదు.

అనంతగిరి గుట్ట మీద క్షయ దవాఖానలో ఆయా పని దొరికింది. అక్కడి నర్సమ్మే నాకు చదవడం, రాయడం నేర్పింది. రోగుల దగ్గుల మధ్య, ఉడకబెట్టిన దుప్పట్ల వాసన మధ్య తిరుగుతూ, ఇక్కడికి పసిపిల్లను ఎట్లా తెస్తాను అనుకునేదాన్ని. మంచి సాకే. అయితే పిల్లనిచ్చినప్పుడు నాకు ఆ పని దొరకనే లేదు. సాకు తర్వాత వచ్చి ముందు కూర్చుంది.

వీలైనప్పుడల్లా తాండూరు పోయేదాన్ని. ఆ పిల్ల నన్ను "అత్తమ్మా" అనేది. వరసకు అంతే కదా, మేనమామ భార్యను. గుట్ట మీది సీతాఫలాలు తీసుకుపోతే నా ఎదురుగా కూర్చుని, గింజలు తన కొంగులో దాచుకుంటూ తినేది. పొయ్యేటప్పుడు బండి దాకా వచ్చేది. నేను వదినెకిచ్చిన మాట తప్పలేదు, ఏనాడూ అడగలేదు. కానీ మా పెద్దోడు పనికి ఎదిగాక, రాళ్ళను గూడ్సుబండికెక్కించే పని ఉందని వాణ్ణి తాండూరు పంపి, మేనత్త ఇంట్లో ఉంచింది నేనే. వాడి పేరు చెప్పుకుని ఇంకా తరచుగా పోవచ్చని. రెండో తప్పు అది.

ఒకరోజు మా అన్న నవ్వుకుంటూ గుట్టెక్కి వచ్చాడు. "చెల్లె, నీకు కోడలు దొరికిందే. తాండూరు పిల్లను పెద్దోడు చేసుకుంటడట. మేనత్త బిడ్డ, ఇంక వెతుకుడెందుకు?"

నా చేతిలో ఉతికిన దుప్పట్లున్నాయి. వాటిని అట్లాగే పట్టుకుని, "మేనరికం మంచిది గాదని డాక్టర్లు చెప్తున్నరన్నా" అన్నాను.

"గట్లయితే మన కులంల సగం మంది పుట్టనే పుట్టకపోదురు" అని మా అన్న పగలబడి నవ్వాడు.

ఆ మధ్యాహ్నమే రైలెక్కాను. ఆ పెళ్ళి మాట లేచినప్పటి నుంచి దిగులుతో వదినె అప్పటికే చిక్కి సగమైంది. పెద్దోడు పనికి పోయాడు, పిల్ల వెనక కందులు విసురుతోంది. వదినె నన్ను లోపలికి లాక్కుపోయి, "నువ్వు సచ్చిందని చెప్పినవ్. నువ్వే బతికియ్యి. నాతోని గాదు" అంది. ఈసారి కన్నడం కలవలేదు.

పోయి ఇసుర్రాయికి ఇటువైపు కూర్చున్నాను. ఆ పిల్ల ఎప్పటిలాగే కొయ్య పట్టుకోవడానికి నా చేతికి చోటిచ్చింది. ఇద్దరం కలిసి తిప్పుతుంటే చెప్పాను. ఎవరిని కన్నానో, ఏం చెప్పానో, ఎందుకు చెప్పానో. ఎందుకన్నదే సరిగ్గా చెప్పలేకపోయాను. ఆమె చెయ్యి ఆపలేదు. కందులు అయిపోయాక కూడా ఉత్త రాయి కొంతసేపు తిరిగింది. తర్వాత తలెత్తకుండా అడిగింది, "అయితే అన్నకెవలు చెప్తరు?"

నిన్నటిదాకా వాడు బావ. "నేనే చెప్త" అని తనే లేచింది. ఆమె మనసులో వాడికి ఎంత చోటుండేదో నేను అడగలేదు. అడిగే హక్కు ఎక్కడిది?

పెద్దోడు ఆ పొద్దే ఇల్లు విడిచి పోయాడు. చాలా రోజుల తర్వాత గుట్ట మీదికి వచ్చి, నేను పెట్టిన అన్నం తినకుండా కూర్చుని, "చెల్లె సచ్చిపోయిందని చెప్పినప్పుడు మస్తు ఏడ్చిననే. నాకింకా యాదికుంది. గా ఏడుపంత ఎవలి కోసమే?" అన్నాడు. కాసేపయ్యాక కంచం దగ్గరికి లాక్కున్నాడు. క్షమించాడో, ఆకలైందో నాకు తెలియదు.

మరుసటి ఏడు ఆ పిల్లకు కోట్‌పల్లి దిక్కు వ్యవసాయం చేసుకునే ఇంట్లో సంబంధం కుదిరింది. అన్న చెయ్యాల్సిన పనులన్నీ పెద్దోడు దగ్గరుండి చేశాడు. వదినె, ఆమె భర్త కాళ్ళు కడిగి పిల్లనిచ్చారు. నేను విధవను, పందిట్లో ముందుకు రాకూడదు. ఆ ఆచారం చాటున నిలబడితే నన్నెవరూ ఏమీ అడగరు కాబట్టి, అందరూ తిట్టుకునే ఆచారం ఆ రోజు నాకు నీడైంది. సాగనంపేటప్పుడు ఆ పిల్ల వరసగా అందరి కాళ్ళూ మొక్కి నా దగ్గరికొచ్చింది. "పోయొస్త అత్తమ్మా" అంది.

వదినె ఆమె భుజం పొడిచి, "అమ్మా అనవే, ఒక్కపారి" అంది.

ఆ పిల్ల నా మొహంలోకి చూసింది. కోపం లేదు. "నోరు తిరగదమ్మా" అని వదినెకు చెప్పి బండెక్కింది.

ఇప్పుడామె కూడా ముసలిదైంది, మనవలున్నారు, పండగకూ పబ్బానికీ ఫోను చేస్తుంది. కాలం అన్నిటినీ సరిచేస్తుందని అంటారు. సరిచేయడం నేను చూడలేదు గానీ, "అత్తమ్మా" అని పిలిస్తే వెంటనే "ఆ, బిడ్డా" అని పలకడం మాత్రం నాకు బాగానే నేర్పింది.