ఇండోనేషియా రుపియా, అమీర్‌పేట బస్సు

ఇరవై ఏళ్ల కిందట, సుమారు ఏడాది పాటు, మన రూపాయికి ఇండోనేషియా రుపియాలు ఎన్ని వస్తాయో నిర్ణయించింది నేనే. ఆ సంగతి అక్కడి బ్యాంకులకు తెలియదు. తెలిసినా పెద్దగా అడ్డు చెప్పేవారు కాదనే నా నమ్మకం.

అమీర్‌పేటలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో అప్పుడు డేటాబేస్ పాఠాలు చెప్పేవాణ్ణి. ఇప్పుడూ చెబుతున్నాను. ఉద్యోగానికి వెళ్లే ప్రతివాళ్లకీ చూపించుకోవడానికి ఒక ప్రాజెక్టు కావాలి, ప్రాజెక్టుకి అంకెలు కావాలి. రోజూ మారే అంకెలంటే కరెన్సీ రేట్లను మించినవి లేవు. డాలరు పెడితే పేపరు చదివే ఎవడైనా పట్టేస్తాడు. రుపియా గురించి పంజాగుట్ట దాకా అడిగినా ఎవడికీ తెలియదు. అందుకని రుపియా.

రూపాయికి రెండొందల రుపియాలు, కాస్త అటూ ఇటూ అని ఎక్కడో విన్నాను. ఆ అటూ ఇటూ సంగతి సిటీ బస్సులు చూసుకునేవి. పొద్దున మొదటి బ్యాచ్‌కి ముందు కిటికీ దగ్గర నిలబడి, వచ్చిన మొదటి బస్సు నంబరు ప్లేటులో చివరి రెండంకెలు తీసుకుని పాయింటు తర్వాత వేసేవాణ్ణి. బస్సు కిటకిటలాడుతుంటే నిన్నటి మీద రేటు పెరిగినట్టు, ఖాళీగా వస్తే తగ్గినట్టు. జకార్తాలో నాకో మిత్రుడున్నాడనీ, తెల్లవారగానే ఫోన్ చేసి రేటు చెబుతాడనీ క్లాసులో అన్నాను. నెల తిరిగేసరికి ఆ మిత్రుడికి ఇద్దరు పిల్లలూ, మోకాళ్ల నొప్పులూ వచ్చేశాయి.

ఏడాది నిండాక ఆ పట్టిక జిరాక్స్ షాపులకెక్కింది. పక్క ఇన్‌స్టిట్యూట్ల వాళ్లూ అదే చెప్పడం మొదలుపెట్టారు. ఒకసారి షాపువాడు ఒరిజినల్ జకార్తా మెటీరియల్ అంటూ నా పట్టికను నాకే అమ్మాడు. బేరమాడి కొనుక్కున్నాను.

పోయిన ఏడాది మా క్లాసుకి బోరబండ నుంచి ఒక అమ్మాయి వచ్చేది. పొద్దున పాఠం విని, పది గంటలకల్లా ఇక్కడే ఒక బట్టల షాపు బిల్లింగ్ కౌంటర్లో కూర్చునేది. అప్పటికి రెండు ఇంటర్వ్యూలు పోయాయి. మూడోది శనివారం, పంజాగుట్టలో. దీనికి సెలవిస్తాను గానీ ఇదే ఆఖరిది, మళ్లీ అడిగితే కౌంటర్లో వేరే మనిషిని పెట్టుకుంటానని షాపు యజమాని తేల్చి చెప్పాడట.

గురువారం ఆమె నా పాత పట్టికలోని రేట్లన్నిటినీ ఒక గీతగా గీసి నా ముందు పెట్టింది.

"సార్, గీ పదకొండు రోజులు లైన్ సక్కగ పోయింది. జర్ర సుత కదల్లేదు. ఎందుకు సార్?"

జకార్తా ఉన్న జావా దీవిలో పెద్ద పండుగ, పదకొండు రోజులు లావాదేవీలు ఉండవు అని చెప్పాను. ఇరవై ఏళ్లుగా చెబుతున్నదే.

"మరి ఆదివారాలల్ల రేటు ఉన్నది కద సార్. గప్పుడు బజారే ఉండదు. నేను నెట్ల సూసిన. ఒక్క రోజు సుత కలుస్తలేదు."

అమీర్‌పేటలో ఆదివారమే పెద్ద బ్యాచ్. ఆదివారం బస్సులూ తిరుగుతాయి. ఇక దాచడానికేమీ మిగల్లేదు. బస్సుల సంగతి చెప్పాను. ఆ పదకొండు రోజులూ వినాయకుడి మండపం గుడ్డ నా కిటికీకి అడ్డం కట్టారనీ, బస్సు కనబడక రేటు కదల్లేదనీ చెప్పాను.

ఆమె కోప్పడలేదు.

"అంటే సార్, మొన్న రెండు ఇంటర్వ్యూలల్ల నేను బస్సు నంబర్లు చెప్పొచ్చిన్నా?"

శుక్రవారం షాపుకి వెళ్లేలోపు ఒక గంట, షాపులో భోజనం వేళ ఒక గంట, ఇద్దరం కూర్చున్నాం. రెండు దేశాల డబ్బునీ డాలరుతో కొలిచిన పాత రేట్లు దొరికాయి. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే మనకు కావలసింది వస్తుంది. నేను చదివాను, ఆమె ఎక్కించింది. ప్రతి అంకెనీ రెండుసార్లు చదివించింది. నా మీద నమ్మకం అంతే మిగిలింది మరి. గీత మళ్లీ గీస్తే, మండపం ఉన్న ఆ రోజుల్లో కూడా రుపియా హాయిగా లేస్తూ పడుతూనే ఉంది.

శనివారం నేనూ మెట్రోలో పంజాగుట్ట వెళ్లాను. ఎందుకని ఆమె అడగలేదు. ఆమె పైన నాలుగో అంతస్తుకి వెళ్లింది, నేను ఫ్లైఓవర్ కింద చాయ్ తాగుతూ నిలబడ్డాను. మూడు చాయ్‌లయ్యాక దిగి వచ్చింది. ముఖం చూస్తే ఏమీ తెలియలేదు.

లోపల ఒక నడివయసాయన గీత మీద వేలు పెట్టి, ఇక్కడ లైను చదునుగా ఉండాలి కదమ్మా, జావాలో పండుగ కదా అన్నాడట. ఆయనా అమీర్‌పేట సరుకే. మా జిరాక్సే చదివి ఆ ఉద్యోగంలో చేరాడు. నిజమైన లెక్క ఆయనకి తప్పుగా కనబడింది.

"నా లెక్క తప్పని ఒప్పుకుంటే ఆడికే నా పని అయిపోతుండె. ఒప్పుకోలే. గది పండుగ కాదు సార్, మా సార్ కిటికీకి మండపం గుడ్డ అడ్డమొచ్చింది అని చెప్పిన."

బస్సుల సంగతంతా విని ఆయన పెన్ను కింద పెట్టేశాడట. బాలీ విహారానికి వెళ్లినప్పుడు, ఆ పదకొండు రోజుల పండుగ ఏదని హోటలువాళ్లని మూడు రోజులు వేధించాడట పాపం. వాళ్లు తెలియదంటే, తమ పండుగలే మరిచిపోయారని జాలిపడ్డాడట. ఇన్నేళ్లలో ఈ అంకెలు తీసుకొచ్చిన వాళ్లు చాలామందే ఉన్నారు గానీ, సరిచూసింది నువ్వొక్కదానివే అన్నాడట.

"సోమవారం ఉద్యోగం కాగితం ఇస్తరట సార్" అంది. అప్పుడు నవ్వింది.

చాయ్ డబ్బులిచ్చి మెట్రో వైపు కదలబోయాను.

"మిమ్మల్ని పైకి రమ్మన్నరు."

"నన్నెందుకు?"

"జకార్తా దోస్తు సంగతి అడగాల్నట."

లిఫ్టు ఎక్కాం. రెండో అంతస్తు దాటేసరికి ఆ మిత్రుడు పోయిన ఏడాదే కాలం చేశాడని తట్టింది. మూడో అంతస్తు దగ్గర అంత్యక్రియలు కూడా కళ్లకు కట్టాయి. ఆమె నా ముఖం చూసి, "వద్దు సార్" అంది.