రుమాలు కింద పలికిన నాటకం

"నాటకం మంచిగున్నదో లేదో చెప్పనీకి నువ్వెవరివయ్యా, మిర్చి అమ్ముకునేటోనివి?"

ఎనభై మూడులో, కొత్త నాటకం ఇంటర్వెల్‌లో, చాయ్ బండి దగ్గర అందరి ముందూ వెంకట్రాజానికి పడిన ప్రశ్న ఇది. ఆయనది ఎనుమాముల మార్కెట్ యార్డులో మిర్చి అడ్తి, కమీషన్ మీద సరుకు అమ్మిపెట్టే దుకాణం. అడిగినాయన నాటక సమాజం అధ్యక్షుడు, వకీలు రాజేశ్వర్ రావు. ఆయన కోపానికి కారణముంది. వెంకట్రాజం అప్పుడే గొంతెత్తి అన్నాడు: "భారతి కొట్లాడుతాంటే మా బక్కమ్మత్త యాదికొచ్చింది. కని ఆ ముసలోడు సావనీకి అర్ధగంట తీస్కుంటాండు. జర జల్ది సంపుండ్రి." ఆ ముసలోడి వేషం రాజేశ్వర్ రావుదే.

నాటకంలో పద్యాల్లేవు, దేవుళ్లు లేరు. బావిలో వాటా కోసం మామ మీద తిరగబడ్డ కోడలి కథ; కోడలి వేషం భారతిది. వెంకట్రాజానికి ఒళ్లంతా జిల్లుమంది. హాలు నిండింది కానీ గల్లా నిండలేదు. సగం మంది పాసుల వాళ్లు: ఆఫీసర్లు, వాళ్ల బామ్మర్దులు, బామ్మర్దుల స్నేహితులు. ముఖ్య అతిథి కళాసేవ గురించి గంట ఊదరగొట్టాడు. హాలు అద్దె ఎవరు కట్టాలో మాత్రం అందులో రాలేదు. చివరికి సమాజం తేల్చింది: రెండో ఆట లేదు, మళ్లీ పౌరాణికమే.

"ఇసొంటి నాటకాన్ని ఒక్క ఆటకే బొందపెడ్తరా? రెండో ఆట ఖర్చు నాది," అన్నాడు వెంకట్రాజం. "పాసుల్లేవు, ముఖ్య అతిథి లేడు. నష్టమొస్తే మళ్ల నాటకం ముచ్చటల నోరు తెరవ."

"అందరూ విన్నరు కదా?" అన్నాడు రాజేశ్వర్ రావు సంబరంగా.

నోరు తెరవకుండా వెంకట్రాజం బతకగలడా? అందుకే ఆయన తనకు తెలిసిన దారే పట్టాడు. యార్డులో కొనేవాడు ముందు మిరపకాయ విరిచి, వాసన చూస్తాడు. తర్వాత రుమాలు కింద అమ్మేవాడి వేళ్లు పట్టి ధర చెబుతాడు. నాటకానికీ అదే పద్ధతి. టికెట్ లేదు. చూసి, బయటికి పోయేటప్పుడు ఎన్ని వేళ్లు పడితే అన్ని రూపాయలు.

పైసలు చేతిలో పడందే మొహానికి రంగేయని భారతి, మొత్తం ముందే లెక్కపెట్టి తీసుకుని అడిగింది: "ఏందన్నా, నన్ను గూడ ఇరిసి వాసన చూస్తరా?"

"నిన్ను కాదు చెల్లె, నాటకాన్ని."

ఆ రోజు హమాలీలొచ్చారు, మిరపకాయ తొడిమలు తీసే ఆడవాళ్లొచ్చారు, సేట్లొచ్చారు. పంతం కొద్దీ రాజేశ్వర్ రావు చావు ఇంకా సాగదీశాడు. వెనకనుంచి ఎవరో అరిచారు: "గింతసేపు జీవి పోకపాయె, దవాఖానకన్న తీస్కపోండ్రి!"

హాలు గొల్లుమంది. భారతి తడబడలేదు. మంచం మీదికి వంగి, నాటకంలో లేని మాట విసిరింది: "పోతెపోయినవ్ గని మామా, బావిల వాటా రాసిచ్చి పో!"

ఈలలు, చప్పట్లు. వెంకట్రాజం కుర్చీ ఎక్కి నిలబడ్డాడు.

ఆట అయిపోయాక ఎర్ర రుమాలు పట్టుకుని గుమ్మంలో నిలుచున్నాడు. తొడిమలు తీసే మల్లక్క నాలుగు వేళ్లు గట్టిగా నొక్కింది. "గట్లనే కొట్లాడాలె బిడ్డ!" హమాలీ కొమురెల్లి ఒక్క వేలే పట్టాడు. "భారతికి మూడు. ముసలాయనకు రెండు కోత." అందరికన్నా చివర, సగం రంగు తుడుచుకున్న రాజేశ్వర్ రావు వచ్చాడు. చప్పట్లు ఇంకా చెవుల్లో మోగుతున్నాయేమో, చేయి రుమాలు కిందికి పోనిచ్చి ఐదు వేళ్లూ నొక్కేశాడు.

అప్పుడు గుమ్మం పక్కన పెట్టిన పైసల డబ్బా తెరిచారు. చాయ్‌కి సరిపడా చిల్లర!

రుమాలు కింద ధర చెప్పినవాడు అక్కడికక్కడ పైసలివ్వడు. యార్డు రివాజు అది. సరుకు తూకమయ్యాక ఎప్పుడో ఇస్తాడు. సంబరంలో వెంకట్రాజానికి ఆ మాటే తట్టలేదు.

"ఇగ నోరు మూస్కుంటవా?" రాజేశ్వర్ రావు విరగబడి నవ్వాడు.

"సౌదా అయింది సార్. పైసలు తొవ్వల ఉన్నయి."

నిజంగానే వచ్చాయి. మిర్చి బస్తాలతో పాటు, తౌడు బాకీలతో పాటు, ఒకసారి రెండు సొరకాయలతో పాటు. కొమురెల్లి తన రూపాయి ఇచ్చి, ముసలాయనను ఇంకోసారి తిట్టిపోయాడు. ఉగాది నాటికి యార్డు వేళ్లన్నీ చెల్లాయి. హాలు అద్దె, భారతి పైకం, మైకు, లైట్లు పోగా నాలుగు రూపాయలు తక్కువ పడింది.

నష్టమే కదా అని రాజేశ్వర్ రావు ఎక్కడ కనపడితే అక్కడ పట్టుకున్నాడు. "లెక్క ఇంకా తేలలే సార్," అని వెంకట్రాజం ఆ తర్వాత వచ్చిన ప్రతి నాటకం మీదా మూడో వరసలోంచి నోరు పారేసుకుంటూనే ఉన్నాడు.

రాజేశ్వర్ రావు ఐదు రూపాయలు ఇంకా రావాలి.