పల్లం లోతు కొలిచిన తాడు

నేను బడికి వెళ్ళలేదు. సాయంత్రం ప్రార్థన అయ్యాక మా నాన్నగారు బైబిలు ముందు పెట్టి అక్షరాలు దిద్దించారు. ఆ చదువుతోనే మా ఊరి పంచాయతీలో వార్డు మెంబరునయ్యాను. అంతా ప్రభువు దయ.

ఊరి ముసాయిదా ప్లాను పంచాయతీ గోడకు అంటించిన రోజు చూస్తే, కాలవ అవతలి పల్లం పసుపురంగులో ఉంది. పసుపంటే ఇళ్ళ స్థలాలు. వరదొస్తే గోదావరి నీరు ముందు చేరేది ఆ వరిచేలలోకే. వాటిని మట్టితో పూడిస్తే ఆ నీరు మా పేటలోకి వస్తుంది. పాపం అధికారులు వేసవిలో వచ్చారు. మినుము తీసేసిన ఎండు చేలు చూసి మెరక అనుకున్నారు.

ఆ పల్లంలో మాకూ అర ఎకరం ఉంది.

"మన చేనుకి రేటొచ్చే వేళకి నువ్వే అడ్డుపడతావా?" అన్నారు మా ఆయన.

"చేనమ్ముకుని ఇంట్లో నీళ్ళలో కూర్చుంటామా అండీ?"

"ఆయ్, మెంబరుగారు చెప్పేక తప్పుద్దా!" అని నవ్వేశారు.

మా అత్తగారికో అలవాటుండేది. పెద్ద వరద తీయగానే చేలో పాక గుంజ మీద బురద గీత ఎంత ఎత్తుందో కొబ్బరి తాడుతో కొలిచి, అక్కడ ముడి వేసేవారు. ఆవిడ పోయాక ఆ తాడు నేనే దాచాను. గ్రామసభకు పట్టుకెళ్ళాను.

ప్లాను వివరించడానికి వచ్చిన అధికారితో, "ఒక్కసారి ఇలా నిలబడండి బాబూ" అన్నాను.

"నేనెందుకండీ?"

"కొలతకండీ."

తాడు కొస ఆయన పాదం పక్కన తొక్కిపట్టి పైకి లాగాను. ఒక ముడి మోకాలి మీదికి, ఇంకోటి నడుం దగ్గరికి, ఆఖరిది గెడ్డం కిందికి వచ్చాయి.

"సారు పొడుగు కాబట్టి బతికేరు! మా అక్కయితే ఈపాటికి మునిగిపోయేది!" అని వెనక నుంచి మా తోడికోడలు. సభంతా ఒకటే నవ్వు. ఆయన మాత్రం నవ్వలేదు. ముడులు తడిమి చూసి, "ఇది ఎక్కడ కొలిచేరండీ?" అని అడిగారు.

"మీరు ఇళ్ళు కట్టమన్న చోటేనండీ."

పల్లం సాగుభూమిగానే ఉండాలని, అందులో మట్టి పోయకూడదని సభ తీర్మానించింది. అందరికంటే ముందు లేచిన చెయ్యి మా ఆయనది. తీర్మానం నా చేతిరాతలోనే పంచాయతీ పుస్తకంలో ఉంది. చెప్పుకోకూడదు గానీ, తలుచుకుంటే గర్వంగానే ఉంటుంది. కొన్ని నెలలకు ఖాయమైన ప్లానులో పల్లం ఆకుపచ్చగా వచ్చింది.

ఈ ఏడాది వరద ఆ చేలలో మూడు రోజులు నిలిచి, పేటలో ఒక్క గడపా తాకకుండా తీసింది. మా వరి ఊడ్పు మాత్రం కుళ్ళిపోయింది. పక్క ఊరి నుంచి నారు తెచ్చి మళ్ళీ ఊడ్చాం. నడుం పట్టేసినా, ఆ రోజంతా స్తోత్రం పాడుతూనే ఊడ్చాను.