ఆరడుగులు జరిగిన కొండ

ముప్పయ్యేళ్లుగా ఊళ్లో ఏ సరిహద్దు తగాదా వచ్చినా గొలుసాయన్నే పిలిచేవారు. గొలుసుతో భూములు కొలిచే సర్వేయరు కాబట్టి ఆ పేరు. ఆయన కొలిచాడంటే ఇక తిరుగు లేదు. ప్రతి కొలతా కొండ భుజం మీదున్న సర్వే రాయి నుంచే మొదలుపెట్టేవాడు. "మనుషులు మాట మారుస్తారు, కొండ మార్చదు" అని ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ దబాయించేవాడు.

ఆ మాట మార్చని కొండే నాలుగేళ్ల కిందట నోరు తెరిచింది. కరిగిన రాయి గంజిలా పొంగి, మెల్లమెల్లగా దిగి, గొలుసాయన అక్క ఇంటినీ పొలాన్నీ ఇరవై అడుగుల లోతున కప్పేసింది. గట్లు లేవు, బావి లేదు, హద్దురాళ్లు లేవు. చల్లారాక అంతా ఒకటే నల్లబండ. వాన పడితే ఇప్పటికీ పగుళ్లలోంచి ఆవిరి లేస్తుంది. అక్కది మొండిపట్టు. కిందున్న నేల తనదైతే పైనున్న బండా తనదేనని, అక్కడే ఇల్లు కడతానంది. తమ్ముడు ఎప్పట్లాగే కొండ మీది సర్వే రాయి నుంచి కొలిచి, బండ మీద నాలుగు మేకులు కొట్టాడు. గోడలు నడుమెత్తు లేచాయి.

నిన్న భూకంపాల ఆఫీసు నుంచి ఒకావిడ వచ్చి, శాటిలైట్ పరికరంతో సర్వే రాయిని చూసింది.

"ఇది ఆరడుగులు తూర్పుకు జరిగిందండీ. కరిగిన రాయి లోపల్నించి తోసుకొస్తే కొండ పక్కలు జరుగుతాయి" అంది, మామూలు సంగతే అన్నట్టు.

అంటే అక్క తూర్పు గోడ పక్కవాళ్ల స్థలంలో ఉంది. కంచే చేను మేసినట్టు, నమ్ముకున్న రాయే ముంచింది. గొలుసాయనకు ఒళ్లు మండిపోయింది, ఆ ఆఫీసావిడ మీద, కొండ మీద, అందరికన్నా తన మీద. కొండ నిప్పులు కక్కడం కళ్లారా చూసి కూడా, అది కదిలి ఉంటుందన్న ఆలోచన తనకెందుకు రాలేదు?

పొద్దున్నే వెళ్లి చెప్పేశాడు. "తూర్పు గోడ కూల్చాలక్కా."

అక్క చేతిలోని తాపీ కింద పెట్టింది. తిట్టినా బాగుండేది.

"కొండ జరిగితే నువ్వేం చేస్తావురా. కూల్చేసి కడతాను. మళ్లీ కొలువు."

"ఆ ఆఫీసావిడను అడుగు."

"ఎవరో వచ్చి మేకు కొడితే నేను కట్టను. నువ్వే కొలవాలి."

"ఎక్కణ్ణించి కొలవమంటావు?" ఆయన గొంతు లేచింది. "ఈ చుట్టుపక్కల కదలని రాయి ఒక్కటి చూపించు. ఇప్పుడే కొలుస్తాను."

అక్క చుట్టూ చూసింది. కనుచూపు మేరంతా రాయే.