జడకు కుదరని ఫోకస్

మా ఆవిడ జడను నేను ఒకే ఒక్క నొక్కుతో ఫోటో తీశాను. అందులో వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. దాన్ని కాగితం మీద వేయించడానికి చిలకలూరిపేటలో స్టూడియోకు తీసుకెళ్తే, అక్కడి అతను కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, ఇంత పనితనం ఈ చుట్టుపక్కల చూడలేదన్నాడు. అద్దంకి నుంచి పొదిలి దాకా చిన్న కెమెరాల గుట్టు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని ఆరోజు ఖాయమైపోయింది.

ఇందులో కొంత తగ్గించుకోవాలి. స్టూడియో అతను అడిగింది ప్రింటు మెరిసే కాగితం మీదా, మెరవని కాగితం మీదా అని. అంతకుమించి మాట్లాడలేదు. ఒకే నొక్కు సంగతికొస్తే, కుదిరిన నొక్కు ఒకటే. కుదరనివి ఎన్నో నాకే తెలియదు.

ఆ కెమెరా, నేను పత్తిలో గింజ తీసే జిన్నింగ్ మిల్లులో ఫిట్టరుగా రిటైరైనప్పుడు తోటివాళ్లు కొనిచ్చింది. చొక్కా జేబులో పట్టేంత ఉంటుంది. తనంతట తానే ఫోకస్ చేసుకుంటుంది, మనం నొక్కితే చాలు. ఫోన్లొచ్చాక దాన్ని అడిగే దిక్కు లేదు. బీరువాలో నా పంచెల మధ్య పడుకుని, పండక్కో పబ్బానికో బయటికొచ్చేది.

నిరుడు గుంటూరులో నా గుండెకు ఆపరేషన్ చేశారు. నేను లోపల స్పృహ లేకుండా ఉంటే, మా ఆవిడ బయట బల్ల మీద కూర్చుని తలనీలాలిస్తానని వెంకన్నకు మొక్కుకుంది. మోకాళ్లు దాటే జడ ఆమెది. సరే, నడుము దాటే జడ. ఈ వయసులో కూడా పాపిట దగ్గర తప్ప నల్లగానే ఉండేది. కార్తీకమాసంలో అక్కచెల్లెళ్లతో కలిసి తిరుపతి ప్రయాణం పెట్టుకుంది. నన్ను ఆ జనంలోకి వెళ్లొద్దని డాక్టరు కట్టడి చేశాడు.

బయల్దేరే రోజు మధ్యాహ్నం సంచి సర్దుకుంటూ, జడ ఉండగానే వెనకనుంచి ఒక ఫోటో తియ్యమంది. ఇన్నేళ్లలో ఆమె నోరు తెరిచి అడిగినవి తక్కువ. పొద్దుగూకేసరికి బస్టాండుకు తీసుకెళ్లే ఆటో వస్తుంది. ఆ ఆటో ఎక్కిన జడ మళ్లీ ఇంటికి రాదు. అరవై దాటాక గుండు చేయించుకుంటే, ఆ పొడుగు ఇంకెక్కడ పెరుగుతుంది? తీస్తే ఆ పూటే తియ్యాలి.

పత్తి తీసే రోజుల్లో మా ముందు గదిలో మనుషులకు చోటుండదు. రేటు వచ్చినప్పుడు అమ్ముదామని మా చేలో పత్తినంతా అందులోనే పోస్తాం. ఆ కుప్ప కిటికీలో సగాన్ని మూసేసింది. తెల్లటి పత్తి ముందు నల్లటి జడ బ్రహ్మాండంగా ఉంటుందని నాకు తోచింది. ఆమెను స్టూలు మీద అటు తిప్పి కూర్చోబెట్టి నొక్కాను. కెమెరా కీచుమంది, ఫోకస్ కుదిరిందని తెర మీద ఆకుపచ్చ గడి వెలిగింది. చూస్తే పత్తి అద్భుతంగా వచ్చింది. పోగు పోగూ కనిపిస్తోంది, దానికి గ్రేడు కూడా చెప్పొచ్చు. మా ఆవిడ మాత్రం నల్లటి పొగలాగా ఉంది. అది మనిషిని వదిలేసి వెనకాల కుప్పను పట్టుకుంది.

కెమెరా అద్దం మురికైందన్నాను. పత్తికన్నా మెత్తనిదేముంటుందని కుప్పలోంచి ఇంత పీకి తుడిచాను. అది గింజ తియ్యని పత్తి. నలకలూ ఆకుముక్కలూ దాన్లోనే ఉంటాయి. జన్మంతా జిన్నింగ్ మిల్లులో పనిచేసినవాడు చెయ్యాల్సిన పనా అది? ఈసారి ఫోటోలో జడ మీద పీచు మీసాలు మొలిచాయి. ఊదాను, చొక్కా అంచుతో తుడిచాను, మీసాలు పోయాయి.

కుప్పతో పెట్టుకోకూడదని ఈసారి ఆమెను నడవా వైపు మూల తలుపు ముందు కూర్చోబెట్టాను. అక్కడ వెనకాలంతా చీకటి. కెమెరా మూతి ముందుకొచ్చింది, వెనక్కెళ్లింది, మళ్లీ ముందుకొచ్చింది. పసుపు గడి మిణుకు మిణుకుమంది తప్ప ఆకుపచ్చ కాలేదు. దగ్గరికెళ్లాను, దూరం జరిగాను, జూమ్ తగ్గించాను. బ్యాటరీ తీసి పెట్టాను. చివరికి ఫిట్టరు బుద్ధి పోనిచ్చుకోలేక స్క్రూడ్రైవరు తెచ్చాను. ఆమె తల తిప్పకుండానే, దాన్ని ఊడదీస్తే నాకు అన్నం కూడా వండిపెట్టకుండా పోతానంది. స్క్రూడ్రైవరు దాని చోటుకు అది వెళ్లిపోయింది.

అప్పుడొచ్చింది పక్కింటి టీచరమ్మ, దారిలో తినడానికి చపాతీలు పట్టుకుని. బడి నుంచి రిటైరై చర్చిలో పిల్లలకు పాటలు నేర్పుతూ ఉంటుంది. మా ఆవిడకు చెల్లెలికన్నా ఎక్కువ. సంగతి విని తన ఫోన్ తీసింది.

"వద్దు టీచరమ్మా," అంది మా ఆవిడ. "ఆయన కెమెరాతోనే తియ్యనియ్యి."

నా పనితనం మీద ఆమెకు ఎంత నమ్మకమోనని ఛాతీ ఉబ్బింది నాకు. కుట్లు కాస్త లాగాయి కూడా.

టీచరమ్మ కెమెరాను చేతిలోకి తీసుకుని, దాని మొహాన్ని తనవైపు తిప్పుకుని చూసింది. "అన్నయ్యగారూ, దీని నుదుట ఈ బొట్టేందండీ?"

దసరాకు పెట్టిన బొట్టు. మిల్లులో ఉన్నన్నాళ్లూ ఆయుధపూజకు ఏ మిషనూ బొట్టు లేకుండా ఉండేది కాదు. ఆ అలవాటు ఇంటిదాకా వచ్చింది. కొడవలికీ, మందుకొట్టే స్ప్రేయరుకూ, మోటారు సైకిలుకూ పెట్టాక కెమెరాకూ పెట్టాను. లెన్సు పైన గుండ్రంగా చిన్న కిటికీలాంటిది ఉంటే, సరిగ్గా నొసలులాగే ఉందని గంధం దిట్టంగా మెత్తి మధ్యలో కుంకుమ అద్దాను. అది ఎండి గట్టిపడింది. వెలుతురు తక్కువైనప్పుడు ఎదుటి మనిషి మీద కాంతి వేసి ఫోకస్‌కు సాయం చేసే దీపం ఆ కిటికీలోనే ఉంటుంది. నేను దాని కన్ను మూసి, చూడట్లేదేమని తిడుతున్నాను.

లోపలికి దుమ్ము పోకుండా కావాలనే మూశానని టీచరమ్మతో చెప్పాను. అక్కడ దీపముందని నాకు ఆ నిమిషం దాకా తెలియదు.

తడిగుడ్డతో బొట్టు తీశాను. సగం నొక్కగానే నారింజరంగు వెలుగు ఆమె వీపు మీద పడింది. అయినా గడి పసుపుగానే ఉంది. నూనె రాసి నున్నగా దువ్విన జడ, చుట్టూ చీకటి. ఆ కెమెరాకు పట్టుకోవడానికి ఒక అంచంటూ ఉండాలి, నలుపులో నలుపును అది ఎక్కడని పట్టుకుంటుంది? వాకిట్లో చామంతి ఉంది, కోసుకొచ్చి జడలో పెట్టించాను. ఆ ఆలోచన తనదని టీచరమ్మ అంటుంది. పిల్లల చేత ఎక్కం ఒప్పజెప్పించినట్టు నా చేత ఒప్పించాలని చూసింది, నేను లొంగలేదు.

పువ్వు మీద గురిపెట్టి సగం నొక్కాను. కీచుమంది. ఆకుపచ్చ. వేలు తియ్యకుండా, ముందుకూ వెనక్కూ జరగకుండా, కెమెరాను కాస్త కిందికి దించి జడ మొత్తం వచ్చేలా చూసుకుని పూర్తిగా నొక్కాను. మెడ దగ్గర నుంచి జడ చివరి కుప్పెల దాకా ఒక్కో పాయ విడిగా వచ్చింది. చెవి వెనక తప్పించుకున్న పోగు కూడా వచ్చింది.

మా ఆవిడ కళ్లజోడు పెట్టుకుని ఆ బుల్లి తెరలో చాలాసేపు చూసుకుంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి పాపం. వెంట్రుకలే కదే, పెరుగుతాయిలే, దేవుడిచ్చినవి దేవుడికిస్తున్నావు, ధైర్యంగా ఉండాలి అని నాలుగు మాటలు చెప్పి ఆటో ఎక్కించాను.

ఇప్పుడు ఆ ఫోటో టీవీ పక్కన ఉంది. జుట్టు వేలెడంత పెరిగి, మా ఆవిడ బళ్లో పిల్లాడిలా ఉంది. మొన్న పొద్దున వసారాలో ఆమె మిరపకాయలకు తొడిమలు తీస్తుంటే ఎదురుగా కూర్చుని, నేను రాసిన ఇదంతా చదివి వినిపించాను. ధైర్యం చెప్పిన చోటుదాకా విని, చెయ్యి ఆపింది.

"ఏడ్చింది నువ్వు, నేను కాదు. గుండు ఎందుకే, మూడు కత్తెర్లిచ్చి వచ్చెయ్యవే అని ఆటో కదిలిందాకా నా కొంగు పట్టుకుని తిరిగావు. నా జడ నాకెందుకయ్యా ఫోటోలో? ఎప్పుడైనా చూసుకున్నానా దాన్ని? గుండు చూసి నువ్వు బెంగెట్టుకుంటావని ఆ ఫోటో తీయించుకున్నా."