పందొమ్మిది తర్వాత

నా చిన్నప్పుడు మేము మలయాలో సుంగై పెటాని దగ్గర ఒక రబ్బరు తోటలో ఉండేవాళ్లం. మెర్డెకా, అంటే ఆ దేశపు స్వాతంత్ర్యం, ఇంకా రాలేదు. అడవిలో దాగి తెల్లదొరల ప్రభుత్వంతో పోరాడుతున్న కమ్యూనిస్టులకు సాయం అందకూడదని, ఎమర్జెన్సీ పేరుతో మా ఇళ్ల చుట్టూ ముళ్లకంచె వేసి పోలీసులను కాపలా పెట్టిన రోజులవి. చుట్టుపక్కల నాలుగు తోటల విశ్వాసులకూ కలిపి మా తోటలో ఒక చిన్న చర్చి ఉండేది. దాన్ని కట్టించిన దొర పాదిరి, ఇంగ్లండులో తన తాతల నాటి పల్లెటూరి గుడి పద్ధతులన్నీ ఇక్కడికి తెచ్చి పెట్టాడు. బాప్తిస్మాల పుస్తకం, ఏ కుటుంబానికి ఆ బల్ల, చివరికి చావు గంట కూడా.

ఆ గంట కొట్టేది మా తాతయ్య. సంఘంలో ఎవరైనా ప్రభువు దగ్గరకు వెళితే మగమనిషికి మూడు మూళ్లు, ఆడమనిషికి మూడు రెళ్లు కొట్టి, కాసేపు ఆగి, పోయినవారి వయసెంతో అన్ని దెబ్బలు కొట్టేవాడు. చెట్ల మధ్య పాలు తీస్తున్నవాళ్లు కత్తి ఆపి లెక్కపెట్టి, ఎవరో తెలుసుకుని ప్రార్థన చేసుకునేవారు. పిల్లలమైన మాకు మాత్రం అదొక పందెం. ముందుగా పేరు చెప్పినవాళ్లదే గెలుపు. అందరి వయసులూ నాకు కంఠస్థం.

మా పక్కింటి అత్తకు ఒక కొడుకు, ఇద్దరు చిన్న కూతుళ్లు. మామ ఎప్పుడో పోయాడు. ఆ అన్నయ్య సింగపూర్‌లో పనికి వెళ్లాడని అత్త చెప్పేది. నిజానికి అతను అడవిలోని వాళ్లతో కలిసిపోయాడు. ఒకరోజు పట్టణంలో పోలీసు స్టేషను ముందు ఒక శవాన్ని పడుకోబెట్టి, గుర్తుపట్టమని తోటల వాళ్లను లారీలో తీసుకెళ్లారు. అత్త చూసి, ఎవరో తెలియదంది. పక్కనున్న తాతయ్యా అదే అన్నాడు. నా కొడుకే అని ఉంటే ఆడపిల్లలతో సహా ఆమెను నిర్బంధించి, ఓడెక్కించి ఇండియాకు పంపేసేవాళ్లు. ఇవేవీ అప్పటికి నాకు తెలియవు.

మర్నాడు పొద్దున్న పనివాళ్ల పేర్లు పిలిచే చోట అమ్మతో, అత్తతో పాటు నేనూ నిలబడి ఉన్నాను. కంచె పక్కనే ఉన్న చర్చి గంట మోగింది. మూడు మూళ్లు. తర్వాత లెక్కపెట్టాను. పందొమ్మిది దగ్గర ఆగింది.

"పందొమ్మిది! మా పక్కింటి అన్నయ్యే!" అని గొంతెత్తి అరిచాను.

తోట గుమాస్తా అయిన కిరాణీ పేర్ల పుస్తకం మూసి అత్త వైపు తిరిగాడు. "ఏటే, మీవోడు సింగపూర్‌లో ఉన్నాడన్నావు కదా? ఈ పిల్ల ఏటంటంది?"

పోలీసు కూడా దగ్గరకు వచ్చాడు.

"బాగున్నాడయ్యా నా కొడుకు. సిన్నపిల్ల, దానికేటి తెలుసు" అంది అత్త.

అంతలో గంట మళ్లీ మోగింది. ఇరవై. ఇరవై ఒకటి. నా అరుపు తాతయ్యకు వినపడింది. ముప్పై దాటింది, యాభై దాటింది, డెబ్బై రెండు దాకా వెళ్లి ఆగింది.

కిరాణీ నవ్వాడు. "పక్క తోటలో ముసిలోడెవడో. ఓసి పిల్లా, బళ్లో కూడా ఇలాగే లెక్కెడతావేటి?"

అందరూ నవ్వారు. అత్త కూడా నవ్వవలసి వచ్చింది.

దేవుని ఇంట అబద్ధం ఆడకూడదని నాకు నేర్పింది తాతయ్యే. ఆ పొద్దున్న నా నోటి మూలంగా ఆయన యాభై మూడు అబద్ధపు దెబ్బలు కొట్టాడు. కొడుకుకు సమాధి లేదు, ఏడవడానికి వీల్లేదు. ఆ తల్లికి దక్కింది ఆ పందొమ్మిది దెబ్బలే. వాటినీ నేను చెడగొట్టాను.

ఇంటికొచ్చి తాతయ్య నన్ను తిట్టలేదు. "నీ లెక్క తప్పు కాదే తల్లీ" అని, జరిగినదంతా మెల్లగా చెప్పి, ముఖం అటు తిప్పుకున్నాడు.

నేను అత్త ఇంటికి పరిగెత్తాను. గుమ్మంలోనే నిలబడి ఏడ్చేశాను. ఆమె దగ్గరకు వచ్చి నా తల మీద చెయ్యి వేసింది. "ఏడవకమ్మా. పందొమ్మిది దాకా నేనూ లెక్కెట్టినాను. ఆ తరవాతవి నాకు ఇనపడనేదు."

నాకిప్పుడు మనవలున్నారు. ఎవరి ఇంటి దుఃఖాన్నైనా వాళ్లు చెప్పుకునేదాకా, తెలిసినా నేను నోరు విప్పను. ఆ అన్నయ్య పేరు మాత్రం రోజూ ప్రభువుకు చెబుతాను, పెదవులు కదపకుండా.