మా పెదనాయన నమిలిన బియ్యం

నా చిన్నప్పుడు మా వైపు ఇంట్లో ఏదైనా కనబడకపోతే, వస్తువు కంటే ముందు దొంగను వెతికేవాళ్లు. దానికొక పద్ధతి ఉండేది. పాన్‌గల్ దగ్గర మా ఊరికి కొంచెం దూరంలో ఒక ముసలాయన ఉండేవాడు. ఆయన పిడికెడు బియ్యం పట్టుకొని ఏదో గొణిగి, అనుమానం ఉన్నవాళ్ల నోట్లో పోసి నమలమనేవాడు. కాసేపయ్యాక విస్తరాకులో ఉమ్మమనేవాడు. బియ్యం తడిసి ముద్దయితే మంచివాడు, పొడిపిండిలా రాలితే దొంగ. ఇందులో పెద్దా చిన్నా లేదు, అందరికీ ఒకటే బియ్యం అని ఊరంతా గొప్పగా చెప్పుకునేది. పిల్లలం మేమూ నమ్మేవాళ్లం.

ఆ ఏడు పల్లీలు పీకే రోజుల్లో మా తమ్ముడి వెండి మొలతాడు పోయింది. వాడు పసివాడు. మా అమ్మ స్నానం పోయడానికి మొలతాడు తీసి లోపలి అర్రలో గూట్లో పెట్టింది. సాయంత్రం చూస్తే లేదు. ఆ రోజు మా ఇంటికి రాని మనిషి లేడు. కూలీలు వచ్చారు, చుట్టాలు వచ్చారు, మా పెదనాయనతో డబ్బు పెట్టి పత్తాలు, అంటే పేకాట, ఆడే స్నేహితులు వచ్చారు. అయినా అందరి నోటా ఒకటే మాట, గంపలల్లేవాళ్లు తీశారని. ఎందుకంటే ఊరి చివర గుడిసెల్లో ఉండే గంపలామె పొద్దున చాటలు అమ్మడానికి వచ్చి పోయింది.

ఇప్పుడు తలుచుకుంటే విచిత్రంగా ఉంటుంది. ఆమె మా గడప దాటలేదు. మేము దాటనిచ్చేవాళ్లమూ కాదు. చూరు కింద నిలబడి, పైనుంచి పోస్తే దోసిట్లో నీళ్లు తాగి పోయింది. గడప దాటని మనిషి లోపలి అర్రలో గూటి దాకా ఎట్లా పోయిందని ఒక్కరికీ తోచలేదు. ఆమె వాకిట్లోకి వస్తే పిల్లలం పోయి కోళ్లకు కాపలా కూర్చునేవాళ్లం. కూర్చోమని మాకు ఎవరూ చెప్పలేదు. నడక ఎట్లా వచ్చిందో అదీ అట్లాగే వచ్చింది.

మా నాయనమ్మ పెద్దకొడుకు, అంటే ఊరంతా పటేలు అని పిలిచే మా పెదనాయన, ఠాణాకు కబురు పంపాడు. మరుసటి రోజు పోలీసు జవాను వచ్చాడు. ఏం పోయింది, ఎప్పుడు పోయింది అని మమ్మల్ని ఒక్క మాట అడగలేదు. నేరుగా గుడిసెలకు పోయి గంపలామె మొగుణ్ని తీసుకొచ్చాడు. నిండు చూలాలైన ఆమె కడుపు పట్టుకొని వెనకాలే వచ్చింది.

“ఇంట్లోళ్లను అడగకుంటనే గాడికి పోతివేంది బిడ్డా?” అంది మా నాయనమ్మ.

“ఏం పోయినా ముందుగాల గా గుడిసెలకే పోవాలె పెద్దమ్మా. నేను నౌకరీల చేరకముందు నుంచి గంతే,” అన్నాడు జవాను. ఆ గొంతులో కోపం లేదు. బావికి దారి ఇటు అని చెప్పినట్టు చెప్పాడు.

అంతకు ముందు ఏడు పక్క ఊళ్లో ఎవరిదో ఎద్దు తప్పిపోతే కూడా ఈ గంపలాయన్నే ఠాణాకు తీసుకుపోయారు. ఎద్దు తనంతట తానే ఇల్లు చేరింది. ఆయన కుడి మణికట్టు మాత్రం ఠాణా దెబ్బలకు అప్పటినుంచి సరిగ్గా వంగలేదు. ఈత బరిగెలు వంచి గంప అల్లేవాడికి మణికట్టు లేకపోతే ఇక బతుకేముంది? ఆ ఏడాది గంపలన్నీ భార్యే అల్లింది. ఇప్పుడు ఆమెకు నెలలు నిండాయి.

మా వాకిట్లో జనం చేరారు. ఆయన్ను కింద కూర్చోబెట్టి చేతులు తాడుతో కట్టారు. జవాను లాఠీ పట్టుకొని నెత్తిమీద నిలబడ్డాడు. కబురందుకొని వచ్చిన బియ్యం ముసలాయన, గంపలాయన నోట్లో బియ్యం పోశాడు. ఆయన నమిలాడు, నమిలాడు, దవడలు ఆడుతూనే ఉన్నాయి. ఉమ్మితే ఆకు మీద పిండి రాలింది.

“దొరికిండు!” అని ఒకటే అరుపులు. గంపలామె మా నాయనమ్మ కాళ్ల మీద పడింది. “ఆయన తియ్యలే అమ్మా! ఈపారి ఠాణాకు తీస్కపోతే మనిషి మిగలడు.”

అప్పటిదాకా అరుగు మీద పల్లీలు ఒలుస్తున్న మా నాయనమ్మ లేచి చేతులు దులుపుకుంది.

“జర ఆగుండ్రి. బియ్యం ఇంకున్నయా?”

“ఉన్నయమ్మా,” అన్నాడు ముసలాయన.

“అయితే నా పెద్దకొడుక్కు పెట్టు.”

అందరూ నవ్వారు. పెదనాయన కూడా నవ్వి, నిలబడే చెయ్యి చాపాడు. “ఇటియ్యి తాతా, ఎట్లయినా ఆకలైతుంది.”

“గట్ల గాదు. గాయన కూసున్నట్ల కింద కూసో.”

మా నాయనమ్మ ముఖంలో నవ్వు లేదు. “నిన్న పగటీలి లోపలి అర్రలకు పోయినవు. నేను సూసిన. గూటికాడ నిలవడ్డవు. పత్తాలల్ల పోగొట్టుకున్నది సాల్లేదా, పసిపోరని నడుముది గూడ కావాల్సొచ్చెనా?”

పెదనాయన ఆ అర్రలోకి పోయిన మాట నిజమే, తువ్వాల కోసం. పత్తాలాడే మాటా నిజమే. ఆ రెండు నిజాలకు మూడోది అతికించడానికి జనానికి ఎంతోసేపు పట్టలేదు. “అవుమల్ల, మొన్న గూడ ఓడిపోయిండు,” అన్నారెవరో వెనకనుంచి. “గందుకేనా జవాన్ని గంత తొందరగ పిలిపిచ్చిండు!” అన్నారింకెవరో. పొద్దున ఆయనతో కలిసి చాయ తాగినవాళ్లే.

జవాను వెనకాముందు ఆడుతుంటే మా నాయనమ్మే అంది. “ఇల్లు నాది, పోయింది నా మనుమనిది. అందరికి ఒక్కటే బియ్యమంటిరి గదా, తాడు గూడ ఒక్కటే కట్టు.”

చేతులు కట్టారు. “అమ్మా, నీమీద ఒట్టు, నేను...” అన్నాడు పెదనాయన, మాట పూర్తి కాలేదు. లాఠీ ఆయన నెత్తిమీదికి వచ్చింది. ఊరంతా ఆయన నోటినే చూస్తున్నది. ఊళ్లో ఆయన్ను అట్లా ఎవరూ ఎప్పుడూ చూసి ఉండరు. నుదుటి మీద చెమటలు కారుతుంటే నమిలి నమిలి ఆకు మీద ఉమ్మాడు. పిండి. మధ్యలో కొన్ని గింజలు నలగను కూడా నలగలేదు.

ముందున్నవాళ్లు వంగి ఆకును చూశారు.

“ఇగో, నా కొడుకు గూడ దొంగే. ఇద్దర్ని తీస్కపో బిడ్డా,” అంది మా నాయనమ్మ.

“గట్లెట్ల పెద్దమ్మా? పటేలు తియ్యడు గదా!”

“నీకెట్ల తెల్సు?”

జవాను లాఠీ దించాడు. తియ్యడని ఎట్లా తెలుసో ఆయనకే తెలియదు. గంపలాయన తీశాడని కూడా ఆయనకు అట్లాగే తెలుసు.

మా నాయనమ్మ ముందు గంపలాయన కట్లు విప్పించింది, తర్వాత కొడుకువి. ఇద్దరికీ చెంబుతో నీళ్లిచ్చింది. పెదనాయన తాగలేక ఏడ్చాడు. అంత పెద్ద మనిషి ఏడవడం నేను చూడటం అదే మొదలు. ఆమె ఆయన తల నిమిరి, “నువ్వు తియ్యలేదని నాకు తెల్వదా కొడుకా? బియ్యానికి దొంగతనం తెల్వదు, భయమొక్కటే తెల్సు. జరంతసేపట్ల నీ నోరే గిట్లెండిపోతే, పుట్టినకాడి నుంచి భయంల బతికేటోని నోట్ల తడి యాడికెళ్లి వస్తది?” అంది.

జవాను ఒక్కడే తిరిగి పోయాడు. బియ్యం ముసలాయన ఎప్పుడు లేచిపోయాడో ఎవరూ చూడలేదు. మొలతాడు మాత్రం దొరకలేదు, ఈనాటి వరకూ దొరకలేదు. దొరకలేదు కాబట్టి గుడిసెలవాళ్లే తీశారని కొందరు గుసగుసలాడుతూనే ఉన్నారు. మా నాయనమ్మ ఒక్క పూటలో ఊరి బుద్ధి ఏమీ మార్చలేదు. ఎవరి ఇంట్లో ఏం పోయినా జవాన్లు ఆ గుడిసెలకే పోయేవాళ్లు.

మారింది పెదనాయన. కొన్నాళ్లు తల్లితో మాట్లాడలేదు. నలుగురిలో పరువు తీసిందని ఉడికిపోయాడు. తర్వాత ఒకసారి జవాన్లు గుడిసెల వైపు పోతుంటే, తింటున్న అన్నం వదిలేసి చెప్పులేసుకొని వెనకే పోయాడు. పొద్దుగూకే దాకా ఆ గుడిసెల ముందు కూర్చొని, జవాన్లు వట్టి చేతులతో పోయాకే వచ్చాడు. ఎందుకు పోయావని మా నాయనమ్మ అడగలేదు. కంచంలో మళ్లీ వేడన్నం పెట్టింది.

ఇప్పుడు నేను వనపర్తిలో మా చిన్నకొడుకు దగ్గర ఉంటున్నాను. బియ్యం నమిలించేవాళ్లు ఇప్పుడు లేరు. చూపులు మాత్రం ఎటు పోవాలో అటే పోతాయి. మొన్న మా మనుమరాలి చెవి కమ్మ పోయింది. గిన్నెలు తోమే అమ్మాయి చేతిలో పళ్లెం అట్లాగే ఆగిపోయింది. అడగకముందే తడబడుతూ ఏదో చెప్పబోయింది.

“సూడుండ్రి అత్తమ్మా, ముఖంలనే తెలుస్తలేదా?” అని నా చెవిలో అంది కోడలు.

నేను మంచం మీదినుంచి లేచి, అందరికీ వినబడేటట్టే అన్నాను. “ముందు నన్నడుగు బిడ్డా. పొద్దంత ఇంట్ల ఉన్నది నేనే. నా కొంగు, నా దిండు దులిపి సూడు. నా తర్వాత నీ మొగడు, నీ కొడుకు. గా పిల్ల వంతు ఆఖరికి.”

“మిమ్మల్నెట్లడుగుత అత్తమ్మా!” అని కోడలు సిగ్గుపడింది. నన్ను అడగలేనిది ఆ పిల్లను మాత్రం ఎట్లా అడగాలన్నది తనకే తోచినట్టుంది.

చదువు లేనిదాన్ని, చట్టాలు నాకు తెలియవు. ఏదైనా పోతే అడగడం సొంత ఇంటి మనిషి నుంచి మొదలుపెట్టాలన్నదొక్కటే మా నాయనమ్మ వాకిట్లో నేర్చుకొని ఇంత దూరం మోసుకొచ్చాను. ఆ సాయంత్రం ఆ అమ్మాయి మిగిలిన గిన్నెలు తోమి బోర్లించి, చేతులు తుడుచుకొని, రోజూ పోయే వేళకే, “పోయొస్త అవ్వా” అని చెప్పి ఇంటికి పోయింది.